రెండు వైపులా స్వదేశమే

మడవాస్కా, మెయిన్
1993 ఏప్రిల్ 4

ఫెర్నాన్ మామయ్యకు,

మీ ఓడ బయల్దేరిందని నీ కార్డు వచ్చింది. ఇక్కడ నదిలో మంచు ఇంకా కదల్లేదు. నాన్న రోజూ పేపరు మిల్లు నుంచి వస్తూ వంతెన దగ్గర ఆగి చూసి, "ఇంకో వారం" అంటాడు. మూడు వారాల నుంచీ అదే వారం.

అసలు సంగతి చెప్తాను. రెండు కవర్లూ వచ్చేశాయి. రెండూ లావుపాటివే! పల్చటి కవరొస్తే సీటు లేనట్టు, లావు కవరొస్తే ఉన్నట్టు. ఒకటి మన మెయిన్‌లోని ఓరొనో యూనివర్సిటీ నుంచి, రెండోది నది అవతల కెనడాలోని మాంక్టన్ నుంచి. రెండింట్లోనూ టీచరు చదువే.

తమాషా ఏమిటంటే, ఓరొనో వాళ్ళు నన్ను "స్వదేశీ విద్యార్థి" అన్నారు. మాంక్టన్ వాళ్ళూ అదే మాట రాశారు. మన ఊళ్ళో సగం మందిలాగే నేనూ వంతెన అవతలి ఆస్పత్రిలో పుట్టాను కదా, అమ్మానాన్న ఇవతలి వాళ్ళు కదా, రెండు దేశాలూ నన్ను మా పిల్లే అంటున్నాయి. మరి నేను పరాయి దేశం వెళ్ళి చదువుకోవాలంటే ఎక్కడికి వెళ్ళాలి మామయ్యా?

ఇంట్లో మాత్రం ఒక్కటే మాట. "ఓరొనో," అంటుంది అమ్మ. ఎందుకంటే, "ఫ్రెంచిలో చదివి ఎవరిని ఉద్ధరిస్తావ్? ఇంగ్లీషు గట్టిగా నేర్చుకో. నిన్ను చూసి ఎవడూ నవ్వకూడదు," అంటుంది. మా బడి ప్రిన్సిపాల్ది కూడా ఆ పక్షమే. ఓరొనోలో చదివితే మన ఊరి బళ్ళో నేరుగా ఉద్యోగం, మాంక్టన్‌లో చదివితే తిరిగొచ్చి అదనంగా రెండు పరీక్షలు రాయాలట. నాన్ననడిగితే "రెండూ మంచివేనమ్మా" అని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

నాకు మాత్రం మనసు మాంక్టన్ మీదే ఉంది. మనం ఇంట్లో మాట్లాడే ఫ్రెంచి నాకు చదవడం రాదు, రాయడం రాదు. రేపు మన పిల్లలకు పాఠం చెప్పాల్సినదాన్ని, మా అమ్మమ్మ మాట్లాడిన మాటను కాగితం మీద పెట్టలేకపోతే ఎలా?

ఓరొనోకి మే ఒకటో తారీకులోగా చెప్పాలి. మాంక్టన్ వాళ్ళు పదిహేను దాకా ఆగుతారు. నువ్వేమంటావ్? త్వరగా రాయి.

నీ మేనకోడలు,
మిరేయ్

*

సుపీరియర్ సరస్సు మీద నుంచి
ఏప్రిల్ 13

ఒసే మిరేయ్ పిల్లా,

రెండు లావు కవర్లా! మీ మామయ్యకి జీవితంలో వచ్చిన లావు కవరు ఒక్కటే, అది వేరేవాడిది, పొరపాటున ఇచ్చారు. మా వంటింట్లో నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపిస్తే ఇరవై ఆరు మంది ఓడవాళ్ళూ బల్లలు చరిచారు. ఇనుప ఖనిజం మోసే మొరటువాళ్ళు, చదువంటే ఎంత గౌరవమో.

ఇక్కడ చలి తగ్గలేదు. మార్గరీట్ పొద్దున్నుంచీ అలిగింది. పదకొండేళ్ళుగా దాంతో కాపురం చేస్తున్నా, దాని మనసు ఇప్పటికీ అంతుపట్టదు. తెల్లారుతూనే దగ్గరకెళ్తే మొహం మీదే బుస్సుమంటుంది. వయసు మీద పడింది పాపం, ఒళ్ళు సహకరించట్లేదు. దీన్ని వదిలించుకుని కొత్తదాన్ని తెచ్చుకోమని కెప్టెన్ ఒకటే పోరు. నా ప్రాణం ఉండగా ఒప్పుకోనన్నాను.

నీ చదువు విషయానికొస్తే, ఎక్కడ తిండి బాగుంటే అక్కడికి వెళ్ళు. నవ్వకు. నాలుగేళ్ళు తినాలి కదా.

మీ అమ్మతో మాత్రం ఫ్రెంచి గురించి వాదన పెట్టుకోకు. ఆరో తరగతిలో జరిగిందొకటి దాని మనసులో ఉంది. అడిగినా చెప్పదు. నేను అన్నానని అస్సలు అనకు.

మీ నాన్నకి చెప్పు, మంచు ఇంకో వారంలో కదులుతుందని.

నీ మామయ్య,
ఫెర్నాన్

*

మడవాస్కా
ఏప్రిల్ 21

మామయ్యా,

ఎంత పని చేశావు! భోజనాల దగ్గర నీ ఉత్తరం పైకి చదివాను. (అమ్మ గురించిన ముక్క వదిలేశాను, భయపడకు.) మార్గరీట్ దగ్గరకి వచ్చేసరికి అమ్మ చేతిలో అట్టు అలాగే ఉండిపోయింది.

"పదకొండేళ్ళ కాపురమా? ఒక్క ముక్క చెప్పలేదే వీడు! నేనేమన్నా పరాయిదాన్నా?" అంది. ఆ తర్వాత కళ్ళొత్తుకుంది. ఆ పైన కోపమొచ్చింది. "అయినా పెళ్ళాన్ని వదిలెయ్యమనడానికి ఆ కెప్టెనెవడు మధ్యలో? వయసు మీద పడితే వదిలేస్తారా?" నాన్న నవ్వబోయి అమ్మ మొహం చూసి మానుకున్నాడు. మర్నాడే ఊదారంగు ఉన్ని కొనుక్కొచ్చి శాలువా మొదలుపెట్టింది. చలికి ఒళ్ళు నొప్పులన్నావు కదా, అందుకని. అత్తకి ఊదారంగు ఇష్టమేనా? నాకు కూడా చెప్పలేదేం నువ్వు?

పోయిన వారం నాన్న నన్ను రెండు ఊళ్ళూ తిప్పి చూపించాడు. ఓరొనోలో చెట్లు బాగున్నాయి, లైబ్రరీ మరీ బాగుంది. తిరిగొస్తూ దారిలో ఒక కాఫీ దుకాణంలో ఆగాం. అక్కడొకావిడ నా మాట విని, "కెనడా పిల్లవైనా ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతున్నావే!" అంది. మెచ్చుకోలే అనుకో. మాంక్టన్‌లో బస్సు కోసం నిలబడి దారి అడిగితే ఇద్దరు కుర్రాళ్ళు నా ఫ్రెంచి విని మొహాలు చూసుకున్నారు. "అమెరికా నుంచా?" అన్నాడొకడు. నాన్న, "మేం వంతెన పక్కనుంచి," అన్నాడు చాలా గంభీరంగా.

వంతెన మీద కస్టమ్స్ ఆయన, వెళ్ళేటప్పుడు "స్వాగతం, ఇంటికొచ్చారు" అన్నాడు. వచ్చేటప్పుడు ఇవతలి ఆయనా అదే అన్నాడు. రెండుసార్లు ఇంటికొచ్చిన దాన్ని, అయినా ఇల్లు చేరినట్టు లేదు మామయ్యా.

తిండి రెండుచోట్లా ఒకేలా ఉంది. బాగాలేదు. కాబట్టి నీ సలహా పనికిరాదు. సరిగ్గా చెప్పు. అమ్మకు ఆరో తరగతిలో ఏమైంది?

మిరేయ్

*

డులూత్ రేవు బయట, పొగమంచులో
ఏప్రిల్ 27

మిరేయ్,

మూడు రోజులుగా లంగరేసుకుని కూర్చున్నాం. ముందు వాడి ముక్కు వెనక వాడికి కనబడటం లేదు. ఈ ఉత్తరం ఎప్పుడు ఒడ్డుకు చేరుతుందో తెలీదు.

ముందుగా ఒక మనవి. మార్గరీట్ మా వంటింటి పొయ్యి. ఇనప్పొయ్యి! నాలుగు మంటలు, ఒక ఓవెను, తలుపు సరిగా పడదు. మీ అత్త కాదు. శాలువా సంగతి చెప్పగానే ఇక్కడ అందరూ నన్ను "కొత్త పెళ్ళికొడుకా" అని పిలుస్తున్నారు. మీ అమ్మకి ఈ మాట నువ్వే చెప్పు. నాకు ధైర్యం లేదు.

ఇక రెండోది. చెప్పకూడదనుకున్నాను కానీ నువ్వు అడిగావు, నీకిది తెలియాలి.

మా బళ్ళో నాలుగు తరగతులకీ ఒకటే గది. నేను మూడో తరగతి, అక్క ఆరు. బళ్ళో ఫ్రెంచి మాట్లాడకూడదని అప్పట్లో చట్టమే ఉండేది. ఇంట్లో మాకు వేరే భాష రాదు. అయినా మా అక్క జార్జెట్ అన్నింట్లో ఫస్టు. అడిగిన ప్రతిదానికీ దాని చెయ్యే ముందు లేచేది. ఒకరోజు కొత్త టీచరమ్మ ఏదో అడిగింది. నది గురించి. అక్కకి జవాబు తెలుసు, ఆ తొందరలో ఫ్రెంచిలో చెప్పేసింది. సరైన జవాబే. టీచరమ్మ దాన్ని బల్లకెదురుగా నిలబెట్టి, "నేను బడిలో ఫ్రెంచి మాట్లాడను" అని బోర్డు మీద రాయించింది. చోటు అయిపోతే తుడిపించి మళ్ళీ రాయించింది, గంట కొట్టేదాకా. పిల్లలంతా నవ్వారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ ఫ్రెంచే. భయానికి నవ్వారనుకుంటాను.

నేనూ నవ్వాను మిరేయ్. మూడో బెంచీలో కూర్చుని, నా సొంత అక్కని చూసి.

ఆ తర్వాత అది బళ్ళో మళ్ళీ చెయ్యెత్తలేదు. పదహారేళ్ళకి చదువు మానేసి బంగాళదుంపల గోదాములో చేరింది. మీ అమ్మకి కెనడా మీద కోపం లేదు, ఫ్రెంచి మీదా లేదు. నువ్వు బోర్డు ముందు నిలబడతావని భయం, అంతే.

ఎక్కడికెళ్ళాలో నేను చెప్పను. చెప్పే హక్కు నాకు లేదు. నువ్వు ఏది ఎంచుకున్నా మూడో బెంచీలో నవ్వేవాడిలా మాత్రం ఉండను.

ఫెర్నాన్

*

మడవాస్కా
మే 2

మామయ్యకు,

నువ్వు జవాబు రాయలేదు. నీ జవాబు కోసం తారీకు ఆగదు కదా. నిన్నటితో ఓరొనో గడువు అయిపోయింది. అందుకని బుధవారమే ఓరొనోకి వస్తానని కాగితాలు నింపి కవరు అమ్మకిచ్చాను పోస్టు చెయ్యమని. అమ్మ కోరిందే జరిగింది. నీకు నీ సంసారం ఉంది, నా గోల నీకెందుకులే.

శాలువా పూర్తయింది. అంచుకు తెల్ల పువ్వులు కూడా అల్లింది. నీ ఓడ చిరునామాకే పంపింది. పెళ్ళి ఫొటో ఒకటి పంపమంటోంది.

నదిలో మంచు నిన్న కదిలింది. ఊరు ఊరంతా చూడ్డానికి వెళ్ళింది. నేను వెళ్ళలేదు.

మిరేయ్

*

డెట్రాయిట్ నది
మే 10

బంగారుతల్లీ,

ఇక్కడ నదిలో నడుస్తున్న ఓడకే తపాలా పడవ వచ్చి ఉత్తరాలు అందిస్తుంది, బకెట్టుకి తాడు కట్టి పైకి లాగుతాం. ఇవాళ బకెట్టులో నీ కోపం వచ్చింది, దాని వెంట ఊదారంగు శాలువా వచ్చింది.

నా ఉత్తరం పొగమంచులో ఇరుక్కుంది. ఈపాటికి చేరి ఉంటుంది. తప్పు నాదే. పొయ్యి గురించి రాయడానికి ఉన్న తీరిక నీ గురించి ముందే ఎందుకు లేకపోయిందో.

ఓరొనో మంచి చోటు. నిజంగా. సంతోషంగా వెళ్ళు. అదే పడవలో డెట్రాయిట్ ఒడ్డుకి వెళ్ళొచ్చిన మా ఇంజను మనిషితో ఓరొనో ఎలుగుబంటి బొమ్మ ఉన్న స్వెట్టరు వెతికించి తెప్పించాను. ఎక్కడ పట్టాడో మహానుభావుడు. పార్సిల్ చేశాను. రెండు సైజులు పెద్దదే దొరికింది, తిని పెరుగు.

శాలువా నేనే కప్పుకుంటున్నాను. చాలా వెచ్చగా ఉంది. ఎవరైనా నవ్వితే ఆ రోజు వాళ్ళకి తీపి లేదు.

ఫెర్నాన్

*

మడవాస్కా
మే 14

మామయ్యా, మామయ్యా,

ముందు నన్ను క్షమించు. పొగమంచు ఉత్తరం శనివారం చేరింది. పెరట్లో మెట్ల మీద కూర్చుని చదివాను. నాన్న వచ్చి పక్కన చాలాసేపు కూర్చున్నాడు. ఎప్పుడూ షెడ్డులోకి పారిపోయే మనిషి.

అమ్మకి చెప్పకుండా ఉండలేకపోయాను. తిడితే తిట్టు. వంటింట్లో పిండి కలుపుతోంది. "అమ్మా, ఆరో తరగతి సంగతి నాకు తెలుసు," అన్నాను. చెయ్యి ఆగలేదు. "ఫెర్నాన్ గాడు చెప్పాడా?" అంది. అవునన్నాను. "వాడూ నవ్వాడని చెప్పాడా?" అంది. అవునన్నాను. అప్పుడు చెయ్యి ఆగింది. "చెప్పాడా? నేను చూశానని వాడికి తెలీదనుకున్నానే ఇన్నాళ్ళూ. పిచ్చి వెధవ. వాడికి ఎనిమిదేళ్ళు," అంది.

తర్వాత చేతులు కడుక్కుని, కొక్కానికి తగిలించిన తన కోటు జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది.

నా ఓరొనో కవరే! పోస్టు చెయ్యలేదు!

"ఇదేంటమ్మా? గడువు దాటిపోయింది!" అని అరిచాను.

"నువ్వు దీనికి జిగురు తడిపి అతికిస్తున్నప్పుడు నీ మొహం చూశాను," అంది. "పోస్టాఫీసు దాకా మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ తిరిగొచ్చాను. నేను గోదాములో చేరిన రోజు అద్దంలో చూసుకున్న మొహమే అది. నేనే అడిగి, నేనే ఒప్పించి, నేనే డబ్బాలో వెయ్యలేకపోయాను. ఏం చెయ్యమంటావ్?"

నేను ఏడిచాను. ఆవిడ తిట్టింది, పిండి పాడవుతుందని.

సోమవారం ఓరొనోకి నేనే ఫోన్ చేశాను. అవతలావిడ చాలా మంచిది, ఇంకో వారం సీటు ఉంచుతామంది. కాబట్టి మళ్ళీ రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. ఈసారి ఎవరూ తొయ్యలేదు. అమ్మ ఒక్కటే అడిగింది: "నవ్వితే ఏం చేస్తావ్?" అని. "ఇప్పటికే నవ్వారమ్మా, బస్సు దగ్గర. ఏం కాలేదు," అన్నాను. "సరే, ఆ రెండు పరీక్షలూ తర్వాత రాసుకుందువులే," అంది.

ఇవాళ పొద్దున అమ్మా నేనూ వంతెన మీద నడిచి వెళ్ళి, మాంక్టన్ కవరు అవతలి ఒడ్డునే డబ్బాలో వేశాం. వేసింది అమ్మే. వేశాక డబ్బా మూత ఎత్తి లోపలికి తొంగి చూసింది, నిజంగా పడిందా అని.

ఇప్పుడే నీ పార్సిలు వచ్చింది. ఎలుగుబంటి స్వెట్టరు! అయ్యో మామయ్యా! వద్దనకు, మాంక్టన్‌లో వేసుకుంటాను. అక్కడి చలికి అది ఏ యూనివర్సిటీదో ఏం తెలుస్తుంది.

పొయ్యి సంగతి విని అమ్మ కుర్చీలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. తర్వాత, "అయితే వాడికి పెళ్ళి కాలేదన్నమాట," అని మొహం ముడుచుకుంది. జాగ్రత్త. ఎవరి గురించో వాకబు చేస్తోంది.

నీ మిరేయ్

*

మాంక్టన్, న్యూ బ్రన్స్‌విక్
సెప్టెంబర్ 19

మామయ్యా,

మొదటి డిక్టేషన్‌లో నలభై ఒక్క తప్పులు. తరగతిలో అందరికన్నా ఎక్కువ. నా పక్క బెంచీ అమ్మాయి ఒడెట్‌వి పన్నెండు. ఆ అమ్మాయి నన్ను ఓదార్చబోయి, నా మాట తీరు వినడానికి వాళ్ళ పెద్దమ్మ మాట్లాడినట్టుంటుందని, ఇంకా మాట్లాడమని అడుగుతోంది. రోజుకో గంట నేను మాట్లాడతాను, తను నాకు రాయడం నేర్పుతుంది. బేరం కుదిరింది.

ఎలుగుబంటి స్వెట్టరు మాత్రం అందరూ గుర్తుపట్టారు. నాకు "ఓరొనో" అని పేరు పడిపోయింది. వెళ్ళకుండానే వెళ్ళిపోయాను అక్కడికి కూడా.

తిండి ఇప్పటికీ బాగాలేదు. నువ్వు చెప్పింది నిజమే, అది చూసుకోవాల్సింది.

మిరేయ్

*

మాంక్టన్
నవంబర్ 28

ప్రియమైన మామయ్యా,

గురువారం మన ఇళ్ళల్లో థాంక్స్‌గివింగ్ కదా, ఇక్కడ మామూలు రోజు. వాళ్ళ పండగ అక్టోబరులోనే అయిపోయింది. ఇంటికి రాలేనని ఫోన్లో చెప్తే అమ్మ సరేనంది. గురువారం పొద్దున హాస్టలు తలుపు తీసేసరికి అమ్మా నాన్నా! తెల్లారకముందే బయల్దేరారట. చేతుల్లో గుడ్డ చుట్టిన మాంసపు రొట్టె, టర్కీ కోడి, రెండు డబ్బాల నిండా అట్లు.

నాకు పది గంటలకి క్లాసుంది. "మేం కారులో కూర్చుంటాం," అంది అమ్మ. ఒడెట్ వింటే కదా! చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసింది. మా ప్రొఫెసరు, లెజే గారని, ముసలాయన, తలుపు దగ్గర ఎదురొచ్చి, "రండమ్మా, చోటుంది," అన్నారు. అమ్మ ఆఖరి బెంచీలో కోటు విప్పకుండా, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాన్న పక్కన. క్లాసంతా ఫ్రెంచిలో సాగుతుంటే అమ్మ తలుపు వంక రెండుసార్లు చూసింది. ఎవరో వస్తారేమో అన్నట్టు.

ఆ రోజు పాఠం పాత పనిముట్ల పేర్ల మీద. లెజే గారు తెర మీద ఒక బొమ్మ చూపించారు. కొయ్యతో చేసినది, కాళ్ళున్న బల్లలా ఉంది, పైన కత్తిలాంటి చెక్క. "దీన్ని ఏమంటారు? ఎందుకు వాడేవారు?" అని అడిగారు. నలభై మందిమి ఉన్నాం, ఒక్కరికీ తెలీదు. అది వెన్న తీసేదని ఒడెట్ అంది. అందరూ నవ్వారు, ఒడెట్‌తో సహా.

వెనక ఏదో కదిలిన చప్పుడైతే తిరిగి చూశాను.

అమ్మ చెయ్యి ఎత్తుతోంది. భుజం దాకా వచ్చి ఆగింది. వేళ్ళు ముడిచింది. కిందికి దించేస్తుందనుకున్నాను. నాన్న ముందుకే చూస్తున్నాడు. అప్పుడు చెయ్యి పైకి, పూర్తిగా పైకి లేచింది.

"చెప్పండమ్మా," అన్నారు లెజే గారు.

అమ్మ లేచి నిలబడింది. ఇక్కడెవరూ నిలబడరు, కానీ తను నిలబడింది. అవిసె కాడల్ని విరగ్గొట్టి నార తీసేదని చెప్పింది, మన ఫ్రెంచిలో. మన ఊళ్ళో దాన్నేమంటారో చెప్పింది. వాళ్ళమ్మమ్మ ఇంట్లో ఒకటుండేదట, కాడలు బాగా ఎండకపోతే చెక్క ఎలా పట్టేస్తుందో, పిల్లల్ని దాని దగ్గరికి ఎందుకు రానిచ్చేవారు కాదో, అన్నీ చెప్పింది. మొదట గొంతు పీలగా ఉంది. ఆపైన ఎవరూ ఆపలేకపోయారు.

లెజే గారు పెన్ను తీసి, "ఆ మాట ఇంకోసారి చెప్తారా? ఇది నా దగ్గర లేదు, రాసుకుంటాను," అన్నారు. అమ్మ ఇంకోసారి చెప్పింది. మామయ్యా, ఆయన వెనక్కి తిరిగి ఆ మాటని బోర్డు మీద రాశారు. నలభై మందిమీ నోటు పుస్తకాల్లో రాసుకున్నాం.

బయటికొచ్చాక అమ్మ మెట్ల మీద ఆగి అడిగింది, "మరీ గట్టిగా మాట్లాడానా?" అని.

"బాగా వినిపించిందమ్మా," అన్నాను.

"ఆకలేస్తోంది," అంది.

హాస్టల్లో పదిహేను మందిమి కలిసి తిన్నాం. ఒక్క ముక్క మిగల్లేదు. నీక్కూడా కొంచెం పంపాలనుకున్నాను, కుదరలేదు.

ప్రేమతో,
మిరేయ్

*

డులూత్
డిసెంబర్ 7

మిరేయ్ తల్లీ,

నీ ఉత్తరం మధ్యాహ్నం వంట మొదలుపెట్టి చదివాను. రెండోసారి చదివేసరికి పులుసు మాడింది. మూడోసారి చదివేసరికి గిన్నె పాడైంది. అందరికీ చదివి వినిపించి ఆ మాడిందే వడ్డించాను. ఒక్కడూ నోరెత్తలేదు, ఇంకొంచెం వెయ్యమని అడిగాడొకడు.

రేవులో దిగి మీ అమ్మకి ఫోన్ చేశాను. ఆ బడి రోజు నుంచి ముప్పై ఏడేళ్ళుగా చెప్పాల్సిన మాటలన్నీ దారంతా కూడబెట్టుకున్నాను. "హలో" అని దాని గొంతు వినగానే అన్నీ మర్చిపోయాను.

"అక్కా, నేను," అన్నాను.

"తెలుసు. ఏంట్రా ఆ గొంతు? ఏడుస్తున్నావా?"

"లేదే. జలుబు."

"శాలువా కప్పుకో," అంది. తర్వాత అది నెమ్మదిగా, "మిరేయ్ చెప్పిందా నీకు?" అంది.

"మొత్తం చెప్పింది."

"జవాబు కరెక్టేనా?"

"కరెక్టే అక్కా," అన్నాను.

నీ మామయ్య,
ఫెర్నాన్